కొట్టే పంచ్, చెప్పే పంచ్

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల్లో ఏ ఊరి జాతరైనా ఎండ చల్లబడీ పడకముందే కుస్తీలు మొదలవుతాయి. మొదటి జత ఏడెనిమిదేళ్ళ పిల్లలది. గెలిచినవాడి చేతికి కొబ్బరికాయ. ఆ తర్వాత పది రూపాయల కుస్తీ, యాభై, వంద, ఐదువందలు. పొద్దుగూకే వేళకు వెండి కడెం. దున్ని, రాళ్ళేరి, నీళ్ళు చల్లిన మట్టి, దాని చుట్టూ నేలమీదే కూర్చున్న జనం, ఆగని డప్పు. ఒకడి వీపు మట్టికి తగిలిందంటే పంచ్ చెయ్యెత్తేలోపే జనం లేచి అరిచేస్తారు. ఓడినవాడు లేచి నిలబడి వాదించబోతే వీపుకంటిన మట్టి ఊరంతటికీ కనబడుతూనే ఉంటుంది. ఇలా తేలిపోయే కుస్తీకి ఇక్కడి పేరు ‘నికాలీ కుస్తీ’. నికాల్ అంటే మరాఠీలో ఫలితం, తీర్పు. ఎంతకీ తేలకపోతే పంచ్ ఇద్దరినీ విడదీసి ‘బరాబర్’ అంటాడు, ఇనాం చెరి సగం.

ఈ తాలూకాల్లో తెలుగువాళ్ళ ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, బజార్లో రెండూ. అందుకే ‘పంచ్’ అనే మాటకు ఇక్కడ రెండర్థాలు నడుస్తాయి. మరాఠీ పంచ్ ఆట పక్కన నిలబడి తీర్పు చెప్పే మనిషి. ఇంగ్లీషు పంచ్ పిడిగుద్దు. ధర్మాబాద్‌లో రైలెక్కి బాసర దాటి, గోదావరి వంతెన దాటితే నిజామాబాద్. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్ ఊరు అది. రెండో అర్థం ఇటువైపుకు బాగా తెలిసొచ్చింది ఆమె వల్లే. ప్రొఫెషనల్ బాక్సింగ్ చరిత్రలో ఎడతెగని తగాదా కూడా ఈ రెండు పంచ్‌ల మధ్యే: కొట్టింది ఒకడు, గెలిచాడని రాసింది ఇంకొకణ్ణి.

అలాంటి తీర్పు బాక్సర్ పేరును నాశనం చేస్తుందని అభిమానులంతా అంటుంటారు. దగ్గరగా చూస్తే లెక్క వేరుగా ఉంది. తీర్పు ఒక్కటే ఎవరి పేరునూ ముంచలేదు. ముంచిందీ, తేల్చిందీ ఆ తర్వాత రెండో ఆట దొరికిందా లేదా అన్నది. చిక్కేమిటంటే, ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో రెండో ఆటను ఇచ్చేది న్యాయం కాదు, టికెట్ల అమ్మకం.

దానికి ముందు ఒక మాట. తగాదా బాక్సింగ్‌కే పరిమితం అనుకుంటే పొరపాటు. 2025 ఫిబ్రవరి 2న అహిల్యానగర్‌లో మహారాష్ట్ర కేసరి కుస్తీ పోటీల్లో నాందేడ్ తరఫున దిగిన శివరాజ్ రాక్షే, పుణె మల్లుడు పృథ్వీరాజ్ మోహోళ్ తలపడ్డారు. రాక్షే చిత్ అయ్యాడని పంచ్ తేల్చాడు. రెండు భుజాలూ నేలకు ఆనలేదని రాక్షే పట్టుబట్టాడు, రీప్లే అడిగాడు, ఆఖరికి కోపం పట్టలేక పంచ్ మీద కాలెత్తాడు. అదే రోజు ఫైనల్లో మహేంద్ర గాయక్‌వాడ్ కూడా తీర్పు ఒప్పుకోక మధ్యలోనే దిగిపోయాడు. ఇద్దరికీ మూడేళ్ళ నిషేధం పడింది. వీపు నేలకు తగిలిందా లేదా అన్న, కంటికి కనబడే ప్రశ్న దగ్గరే ఇంత రభస. బాక్సింగ్‌లో నాకౌట్ కాని ఆటకు అంతపాటి ప్రశ్న కూడా ఉండదు. అక్కడ అడిగేది ‘ఎవరు బాగా ఆడారు’ అని.

అడిగేది ముగ్గురిని. రింగుకు మూడు వైపులా, తాళ్ళ కిందినుంచి చూసేలా ఎత్తు స్టూళ్ళ మీద ముగ్గురు జడ్జీలు. ప్రతి రౌండ్‌కూ గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది. కింద పడితే ఎనిమిది. శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చిన దూకుడు, రింగుమీద పట్టు, కాచుకోవడం, చూడమని చెప్పేవి ఈ నాలుగే. రౌండ్ అయిన నిమిషంలోనే కాగితం రాసిచ్చేయాలి. తర్వాత వెనక్కి తీసుకోవడానికి లేదు. పక్క జడ్జీ ఏం రాశాడో తెలియదు. ఒకరు చూసిన దెబ్బ ఇంకొకరికి బాక్సర్ వీపు అడ్డమై కనబడకపోవచ్చు కూడా.

అసలు తిరకాసు తూకంలో ఉంది. ధర్మాబాద్ మిర్చి మార్కెట్లో బస్తా కిలో తక్కువుంటే కిలోకు, పది కిలోలు తక్కువుంటే పదికి డబ్బు కోస్తారు. బాక్సింగ్ కాటా అలా కాదు. ఒక రౌండ్ వెంట్రుకవాసిలో గెలిచినా, ఎదుటివాణ్ణి మూడు నిమిషాలూ తాళ్ళకు నొక్కి చితకబాదినా, వాడు కింద పడనంతవరకూ తేడా మామూలుగా ఒక్క పాయింటే. పన్నెండు రౌండ్ల ఆటలో ఒకడు ఐదు రౌండ్లు చావబాది, మిగతా ఏడూ అటో ఇటో అన్నట్టు పోగొట్టుకున్నాడనుకోండి. జడ్జీ రాసిన స్కోరు కార్డు మీద 115–113తో రెండోవాడు గెలుస్తాడు. చూసినవాళ్ళకు గుర్తుండేది ఆ ఐదు రౌండ్లు, కాగితానికి గుర్తుండేది ఏడు. ‘దొంగతనం’ అని అరిచిన ఆటల్లో సగానికి సగం ఇక్కడే పుడతాయి. లంచాల కథలు జనానికి ఇష్టం గానీ, ఈ కాటాకు లంచంతో పనే లేదు.

2017 సెప్టెంబరు 16, లాస్ వేగస్. గెన్నడీ గొలోవ్‌కిన్ అప్పటికి 37 ఆటలు ఆడి 37 గెలిచినవాడు. ఎదురుగా మెక్సికో వీరుడు కనెలో అల్వారెజ్. ఒక జడ్జీ అడలేడ్ బర్డ్ 118–110తో కనెలో గెలిచాడని రాశారు, అంటే పన్నెండులో పది రౌండ్లు అతనికే. రెండో జడ్జీ మొరెట్టి 115–113తో గొలోవ్‌కిన్ అన్నారు. మూడో జడ్జీ ట్రెల్లా 114–114 రాశారు. ఫలితం డ్రా. తిట్లన్నీ బర్డ్‌కే పడ్డాయి, పడాల్సిందే. కానీ కార్డులు ముందేసుకుని చూస్తే ఆ రాత్రిని తేల్చింది ఆమె కాదు. ఆమె 118 రాసినా 115 రాసినా కనెలోకు పడేది ఒక్క ఓటే. తేల్చింది ట్రెల్లా ఏడో రౌండ్. చూసినవాళ్ళలో ఎక్కువమంది గొలోవ్‌కిన్‌కు ఇచ్చిన ఆ రౌండ్‌ను ఆయన కనెలోకు ఇచ్చారు. ఆ ఒక్క గడిలో పది, తొమ్మిది అటూఇటూ మారితే 115–113, గొలోవ్‌కిన్ విజేత, 38కి 38. మూడు నిమిషాల ఆట మీద ఒక మనిషి అభిప్రాయం అది.

ఏడాదికి రెండో ఆట వచ్చింది. అందులో కనెలో సన్నటి తేడాతో గెలిచాడు, దానిమీదా వాదనలు నడిచాయి. మూడో ఆట 2022లో, గొలోవ్‌కిన్‌కు నలభై ఏళ్ళు వచ్చాక. అది కనెలో నిక్కచ్చిగా గెలిచిందే. ఆఖరుకు గొలోవ్‌కిన్ పట్టిక 42 గెలుపులు, 2 ఓటములు, 1 డ్రా. ముప్పై అయిదేళ్ళ వయసులో, మంచి ఊపులో ఉన్నప్పుడు పోయిన ఆటను నలభైలో తిరిగి సంపాదించుకోమనడం రెండో ఆట అనిపించుకోదు. ఆయన 2025 నవంబరులో అమెచ్యూర్ క్రీడను నడిపే వరల్డ్ బాక్సింగ్ సంస్థకు అధ్యక్షుడయ్యారు. జడ్జీల ఎంపిక, స్కోరింగ్ వ్యవహారం ఇప్పుడు ఆయన సంస్థ నెత్తిన పడ్డ పనే.

రెండో ఆట వెంటనే దొరికితే ఎలా ఉంటుందో లెనక్స్ లూయిస్ కథ చెబుతుంది. 1999 మార్చి 13న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇవాండర్ హోలీఫీల్డ్‌తో హెవీవెయిట్ పట్టాలన్నీ కలిపే ఆట. దెబ్బలు లెక్కపెట్టే కంప్యుబాక్స్ ప్రకారం లూయిస్ తగిలించినవి 348, హోలీఫీల్డ్ 130. ఫలితం డ్రా. యూజీనియా విలియమ్స్ అనే జడ్జీ 115–113తో హోలీఫీల్డ్‌కు రాశారు. లూయిస్ చితగ్గొట్టిన అయిదో రౌండ్ కూడా హోలీఫీల్డ్‌కే. ఆ రౌండ్‌ను టీవీలో చూశాక లూయిస్‌కే ఇచ్చి ఉండేదాన్నని తర్వాత విచారణలో ఆమే ఒప్పుకున్నారు. స్టూలు మీద కనబడనిది తెరమీద కనబడింది! అయితే హెవీవెయిట్ పట్టం మీద డబ్బు కురుస్తుంది. సరిగ్గా ఎనిమిది నెలలకు, నవంబరు 13న రెండో ఆట పెట్టారు. ముగ్గురు జడ్జీలూ లూయిస్ గెలిచాడన్నారు. ఈరోజు లూయిస్ పేరెత్తితే ఆ డ్రాను ఎవరూ మచ్చగా చెప్పరు. అదొక ముచ్చటగా మిగిలింది.

పెర్నెల్ విటేకర్‌కు ఆ అదృష్టం లేదు. 1993 సెప్టెంబరు 10, శాన్ ఆంటోనియో. ఎదుటివాడు జూలియో సీజర్ చావెజ్, 87 ఆటల్లో ఓటమి ఎరగనివాడు. స్టేడియం నిండా చావెజ్ మనుషులు. విటేకర్ ఎడమచేతి వాటం, దొరక్కుండా ఆడటంలో అతన్ని మించినవాడు లేడు. చావెజ్‌ను గాలిని గుద్దేలా చేశాడు. ఒక జడ్జీ 115–113తో విటేకర్‌కు ఇచ్చారు, మిగతా ఇద్దరూ 115–115. ఈ 115–115ను విప్పి చూడాలి. కోతలేవీ పడని ఆటలో ఆ లెక్క రావాలంటే చెరి అయిదు రౌండ్లు, రెండు రౌండ్లు సమానం కావాలి. అంటే ఆ ఇద్దరూ కొన్ని రౌండ్లకు ‘బరాబర్’ రాసి చేతులు దులుపుకున్నారు. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ముఖచిత్రం మీదే దోపిడీ అని వేసింది. రెండో ఆట మాత్రం రాలేదు. చావెజ్ వైపు దానికి తొందరేముంది? ఓటమి లేని రికార్డు అలాగే ఉంది. నాలుగు నెలల తర్వాత ఫ్రాంకీ రాండల్ చేతిలో అది ఎలాగూ పోయింది. ఆ మొదటి ఓటమి గౌరవం దక్కాల్సింది విటేకర్‌కు, దక్కింది రాండల్‌కు.

బాక్సింగ్ తెలిసినవాళ్ళ నోట విటేకర్ పేరు ఆ డ్రా తర్వాత పెరిగింది తప్ప తగ్గలేదు. తగ్గింది బయటివాళ్ళ దగ్గర. ఆట అంతగా చూడనివాడు పట్టిక తెరిస్తే కనబడేది డ్రా. పేరు రెండు చోట్ల నిలుస్తుంది, చూసినవాళ్ళ నోట్లో ఒకటి, పట్టికలో ఒకటి. చూసినవాళ్ళు ఒక్కొక్కరే పోతారు, పట్టిక ఉంటుంది. విటేకర్ కూడా 2019లో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

ఈ వరసలో తీరిగ్గా ఆగి చూడాల్సినవాడు మార్విన్ హాగ్లర్. ఆయన జీవితమంతా ఈ ఒక్క సూత్రం మీదే నడిచింది. 1976లో ఫిలడెల్ఫియాలో బాబీ వాట్స్ చేతిలో ఓడినట్టు జడ్జీలు తేల్చారు. చూసినవాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు. 1980లో వాట్స్ మళ్ళీ దొరికాడు, రెండో రౌండ్లో నాకౌట్. 1979లో మిడిల్‌వెయిట్ పట్టం కోసం విటో ఆంటుఫెర్మోతో పదిహేను రౌండ్లు ఆడితే డ్రా అన్నారు, పట్టం అవతలివాడి దగ్గరే ఉండిపోయింది. 1981లో ఆంటుఫెర్మో మళ్ళీ ఎదురొచ్చాడు, ఈసారి నాలుగు రౌండ్లలో చేతులెత్తేశాడు. మధ్యలో 1980 సెప్టెంబరులో లండన్ వెళ్ళి అలన్ మింటర్‌ను మూడు రౌండ్లలో ముగించి పట్టం తెచ్చుకున్నాడు. అక్కడి జనం సీసాలు విసిరారు. హాగ్లర్‌కు ఇదంతా నేర్పిన పాఠం ఒక్కటే: కాగితం మీద నమ్మకం పెట్టుకోకు, వీపు నేలకు తగిలించు. మన జాతర భాషలో ‘నికాలీ’ ఆట తప్ప ఇంకోటి ఆడకు.

1987 ఏప్రిల్ 6న ఆ పాఠాన్ని ఆయనే మరిచాడు. షుగర్ రే లియొనార్డ్ అయిదేళ్ళలో ఒక్క ఆట ఆడి తిరిగొచ్చినవాడు. ఒప్పందంలోనే సగం ఆట ఆడేశాడు: పదిహేను కాదు పన్నెండు రౌండ్లు, పెద్ద రింగు, బరువు గ్లోవులు. డబ్బు ఎక్కువ వస్తోందని హాగ్లర్ ఒప్పుకున్నాడు. మొదటి రౌండ్లలో తనకు అలవాటైన ఎడమచేతి నిలువు వదిలి కుడిచేతి వాటంగా నిలబడ్డాడు, ఆ రౌండ్లు దండగైపోయాయి. లియొనార్డ్ తిరుగుతూ తిరుగుతూ, రౌండ్ చివరి అరనిమిషంలో గబగబా పదిపన్నెండు దెబ్బలు విసిరేవాడు. అన్నీ తగిలాయని కాదు. జడ్జీ పెన్ను తీసే ముందు కంట్లో ఉండేది అవే. ఒక కార్డు 115–113 హాగ్లర్‌కు, ఇంకోటి 115–113 లియొనార్డ్‌కు, మూడోది ఏకంగా 118–110 లియొనార్డ్‌కు. మూడోది అన్యాయం, సందేహం లేదు. కానీ లియొనార్డ్ గెలుపు అన్యాయమా అంటే కాదనే చెప్పాలి. హాగ్లర్ అభిమానులు కోప్పడినా సరే, మొదటి నాలుగు రౌండ్లు చేతులారా పోగొట్టుకున్నవాడు తర్వాత కాగితాన్ని తిట్టి లాభం లేదు.

రెండో ఆట కోసం హాగ్లర్ ఎదురుచూశాడు. లియొనార్డ్ మే నెలలోనే మళ్ళీ రిటైరయ్యానన్నాడు. ఏడాది గడిచింది. 1988లో హాగ్లర్ గ్లోవులు వదిలేసి ఇటలీ వెళ్ళాడు, అక్కడ సినిమాల్లో వేషాలు వేశాడు. తర్వాత లియొనార్డ్ తిరిగి రింగులోకి వచ్చినా, ఎంత డబ్బు మాట వినబడినా, హాగ్లర్ మళ్ళీ రాలేదు. 62 గెలుపులు, 3 ఓటములు, 2 డ్రాలు. మూడు ఓటముల్లో రెండింటికి వడ్డీతో సహా వసూలు చేసుకున్నాడు. మూడోది 2021 మార్చిలో ఆయన పోయేదాకా అలాగే ఉండిపోయింది. చిత్రమేమిటంటే, తిరిగి రాకపోవడమే ఆయన పేరును కాపాడింది. వయసు మీదపడ్డాక వచ్చి ఎవడో కుర్రాడి చేతిలో దెబ్బలు తిన్న హాగ్లర్‌ను ఎవరూ చూడలేదు. అలిగి వెళ్ళిపోయిన హాగ్లర్‌నే అందరూ గుర్తుపెట్టుకున్నారు. తెలుగువాళ్ళకు అలక విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఓడినవాడి గోడు అందరూ చెబుతారు. గెలిచినట్టు చెయ్యెత్తించుకున్నవాడి సంగతి? 2012 జూన్ 9న టిమ్ బ్రాడ్లీ, మానీ పకియావో మీద 115–113, 115–113, 113–115తో గెలిచాడు. పాదాల గాయాలతో ఆడి, చక్రాల కుర్చీలో విలేకరుల ముందుకొచ్చాడు. పట్టం ఒళ్ళో ఉంది, ప్రపంచం అతన్ని దొంగలా చూసింది. పట్టాలిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీఓ అయిదుగురు జడ్జీలతో వీడియో చూపించి మళ్ళీ లెక్క కట్టించింది. అయిదుగురూ పకియావో గెలిచాడన్నారు. ఫలితాన్ని మార్చే అధికారం మాత్రం వాళ్ళకు లేదు. బెదిరింపులు వచ్చాయని, కుంగిపోయానని బ్రాడ్లీయే తర్వాత చెప్పుకున్నాడు. ఆ కసితో 2013 మార్చిలో రుస్లాన్ ప్రొవొద్నికోవ్‌తో దిగాడు. దొరక్కుండా తిరిగి, పాయింట్లతో గెలవగల నేర్పరి, తన మగతనం చూపించాలని ఎదురెదురు నిలబడి దెబ్బకు దెబ్బ ఆడాడు. ఒక్క పాయింటు తేడాతో రెండు కార్డులు గెలిచాడు, చివరి రౌండ్లో కింద కూడా పడ్డాడు, తలకు దెబ్బై వారాల తరబడి మాట తడబడింది. ఏడాది మేటి ఆట అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు కోసం అతను చెల్లించింది ఇంకొకరు రాసిన తప్పుడు కాగితం తాలూకు బాకీ. పకియావోకు ఆ రాత్రి పోయిందేమిటి? ఇరవై రెండు నెలలకు రెండో ఆట, తర్వాత మూడోది, రెండూ గెలిచాడు. లెక్క సరిపోయింది.

ఇంతకంటే బరువైన గెలుపు మోసినవాడు దక్షిణ కొరియాకు చెందిన పార్క్ సి-హున్. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో రాయ్ జోన్స్ జూనియర్ 86 దెబ్బలు తగిలిస్తే అతను తగిలించింది 32. తీర్పు 3–2తో అతనికే. జోన్స్‌కు ఆ వెండి పతకం పెట్టుబడి అయింది. అన్యాయం జరిగిన కుర్రాడిగా ప్రొఫెషనల్ రింగులోకి వచ్చి మిడిల్‌వెయిట్ నుంచి హెవీవెయిట్ దాకా పట్టాలు గెలిచాడు. ఆ ఒక్క తీర్పు దెబ్బకు ఒలింపిక్ బాక్సింగ్‌లో బటన్ నొక్కే కంప్యూటర్ స్కోరింగ్ వచ్చింది. పార్క్ మళ్ళీ పోటీలో దిగలేదు. మాస్టరుగా, కోచ్‌గా బతికాడు. 2023లో కొడుకుతో కలిసి అమెరికాలోని పెన్సకోలాకు వెళ్ళి ఆ బంగారు పతకాన్ని జోన్స్ చేతిలో పెట్టి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళు ఇంట్లో పెట్టుకున్న బరువది. ఒలింపిక్ పట్టికలో మాత్రం ఈరోజుకీ విజేత పార్కే.

మరి కార్డులు దాచడం ఎందుకన్న ప్రశ్న ఉండనే ఉంది. 1976 సెప్టెంబరులో యాంకీ స్టేడియంలో కెన్ నార్టన్, మహమ్మద్ అలీ మూడోసారి తలపడినప్పుడు పదిహేనో రౌండ్‌కు ముందు లెక్క నువ్వా నేనా అన్నట్టుంది. నార్టన్ మూలలో ఉన్నవాళ్ళు మాత్రం గెలిచేశామనుకుని జాగ్రత్తగా ఆడమన్నారు. అలీ ఆ రౌండ్ ఎత్తుకుపోయాడు, ఆటా ఎత్తుకుపోయాడు. నార్టన్ తర్వాత కాగితం మీద ఛాంపియన్ అయ్యాడు గానీ, పట్టం కోసం ఆడిన ఆట ఒక్కటీ గెలవకుండానే వెళ్ళిపోయాడు. 1999లో ఆస్కార్ డి లా హోయా కూడా ఫెలిక్స్ ట్రినిడాడ్ మీద ఆధిక్యంలో ఉన్నాననుకుని చివరి రౌండ్లు పరుగెత్తుతూ గడిపేసి ఓడాడు. నాలుగో రౌండ్, ఎనిమిదో రౌండ్ అయ్యాక కార్డులు చదివి వినిపించే పద్ధతిని పట్టాలిచ్చే ఇంకో సంస్థ డబ్ల్యూబీసీ తెచ్చింది. అన్నిచోట్లా ఒప్పుకోలేదు. ముందే తెలిస్తే మజా పోతుందట. యంత్రం చేత రాయించే ముచ్చటా తీరింది: 2024 డిసెంబరులో హెవీవెయిట్ బాక్సర్లు ఉసిక్, ఫ్యూరీ రెండో ఆటకు ఏఐ జడ్జీ 118–112 అంది, మనుషులు ముగ్గురూ 116–112 అన్నారు. గెలిచింది రెండు లెక్కల్లోనూ ఉసిక్కే, కాబట్టి అది పరీక్ష కిందికే రాదు.

అన్ని వివాదాలూ దోపిడీలు కావు. 2017లో బ్రిస్బేన్‌లో జెఫ్ హార్న్ చేతిలో పకియావో ఓడినప్పుడు ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. డబ్ల్యూబీఓ మళ్ళీ అయిదుగురికి చూపిస్తే ఈసారి హార్న్ గెలుపే ఖాయమైంది. వ్యాఖ్యాత గొంతు విని ఆట చూసేవాళ్ళు ఒక్కసారి టీవీ నోరు నొక్కి చూస్తే సగం గగ్గోలు తగ్గుతుంది.

అసలైన అన్యాయం కనిపించేది చిన్నవాడి విషయంలో. జాక్ కాటరాల్ 2022 ఫిబ్రవరి 26న గ్లాస్గోలో జోష్ టేలర్‌ను కింద పడేశాడు కూడా. టేలర్ దగ్గర నాలుగు పట్టాలున్నాయి, ఊరూ అతని దేశానిదే. స్ప్లిట్ తీర్పు, అంటే ఇద్దరు జడ్జీలు అటు, ఒకరు ఇటు, టేలర్‌కు వెళ్ళింది. 114–111 రాసిన జడ్జీ స్థాయిని బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు ఒక మెట్టు తగ్గించింది. రెండో ఆట రావడానికి ఇరవై ఏడు నెలలు పట్టింది. 2024 మేలో కాటరాల్ గెలిచాడు. అప్పటికి టేలర్ దగ్గర ఒక్క పట్టమూ లేదు. గెలిచాడు, నిజమే. తనకు రావాల్సిన నాలుగు పట్టాలు మాత్రం అప్పటికే చేతులు మారిపోయాయి. లూయిస్‌కు ఎనిమిది నెలలు, పకియావోకు ఇరవై రెండు, కాటరాల్‌కు ఇరవై ఏడు, విటేకర్‌కు అసలే లేదు. ఈ వరస న్యాయం లోతును బట్టి రాలేదు, టికెట్టు ధరను బట్టి వచ్చింది.

మన బాక్సర్ల కథా దీనికి దూరం కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో వికాస్ క్రిషన్ అమెరికా కుర్రాడు ఎరోల్ స్పెన్స్ మీద 13–11తో గెలిచాడు. కొన్ని గంటల్లో అప్పీలు. వికాస్ ఎదుటివాణ్ణి పట్టుకుని చేసిన ఫౌల్స్‌ను రిఫరీ పట్టించుకోలేదంటూ ఫలితాన్ని 15–13గా తిప్పేశారు. స్పెన్స్ 2017లో షెఫీల్డ్‌లో కెల్ బ్రూక్‌ను ఓడించి ప్రొఫెషనల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. వికాస్ 2019లో ప్రొఫెషనల్ రింగుకెక్కి రెండు ఆటలు గెలిచాడు, అంతే. తిప్పిన తీర్పు ఒక్కటే ఇంత తేడా తెచ్చిందంటే అతిశయోక్తి. స్పెన్స్ తర్వాతి ఆటలోనే ఓడి ఇంటికెళ్ళాడు, ఎదిగింది ఆ తర్వాతే. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సరితా దేవి తన కాంస్యాన్ని తీసి, తన మీద గెలిచినట్టు ప్రకటించిన కొరియా బాక్సర్ మెడలోనే వేసింది. ఏడాది నిషేధం పడింది. 2017లో ఇంఫాల్‌లో ప్రొఫెషనల్‌గా దిగి గెలిచింది కూడా, కానీ ఆమె పేరు చెబితే ఇవాళ్టికీ అందరికీ గుర్తొచ్చేది ఆ పతకం, ఆ ఏడుపు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో నిశాంత్ దేవ్ 71 కిలోల క్వార్టర్ ఫైనల్లో మెక్సికోకు చెందిన మార్కో వెర్దే చేతిలో 1–4తో ఓడినట్టు ప్రకటించినప్పుడు దేశమంతా రుసరుసలాడింది. గెలిస్తే పతకం ఖాయమయ్యే ఆట అది. ఇద్దరూ 2025లో ప్రొఫెషనల్ అయ్యారు. ఇద్దరి బరువులూ ఇంచుమించు ఒకటే. ఎప్పుడో ఒకనాటికి ప్రమోటర్లకు లెక్క కుదిరితే ఆ రెండో ఆట చూడొచ్చు. కుదరాలంటే అప్పటికి ఇద్దరూ గెలుస్తూ ఉండాలి, ఇద్దరి పేరుకూ గిరాకీ ఉండాలి, తేదీ ఇచ్చే వేదిక ఉండాలి, టీవీ ఒప్పుకోవాలి.

బిలోలి వైపు జాతరలో బరాబర్ అయిన జతకు ఇవేవీ అక్కర్లేదు. ఇనాం సగాలు పంచాక కూడా జనం ఊరుకోరు, వాడు పట్టు వదిలాడని ఒకడు, వీడు బరి దాటాడని ఇంకొకడు. పంచ్ మైకు తీసుకుంటాడు. ఉగాది దాటిందంటే ఈ చుట్టుపక్కల వారానికో ఊరి జాతర ఎలాగూ ఉంటుంది. వచ్చే జాతర ఏ ఊళ్ళో, ఈ జతకు ఇనాం ఎంత అన్నది అక్కడికక్కడే తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి చెప్పేస్తాడు. మల్లులిద్దరూ ఒళ్ళంతా మట్టితోనే తల ఊపి, నీళ్ళ ట్యాంకరు వైపు నడుస్తారు.